ఈయూవీ నోడ్ మీకు నిజంగా అవసరమా? చిన్న చిప్ డిజైన్ బృందాలకు ఒక పోలిక

రాయదుర్గం, మాదాపూర్ ప్రాంతాల్లో చిప్ డిజైన్ చేసేవారు ఇద్దరు కలిస్తే కుశల ప్రశ్నల తరువాత వచ్చే మొదటి మాట "మీది ఏ నోడ్?" అన్నదే. నోడ్ అంటే చిప్ తయారీ పద్ధతిలో ఒక తరం; దాన్ని నానోమీటర్లలో పిలుస్తారు. 3 నానోమీటర్లు అన్నవారి మీద కొంత గౌరవం, 28 అన్నవారి మీద కొంత జాలి తెలియకుండానే కలుగుతాయి. పెద్ద సంస్థల్లో ఉద్యోగం చేసేవారికి ఇది మాటవరస వ్యవహారం, ఎందుకంటే నోడ్‌ను ఎంపిక చేసేది వారు కాదు. ఆ సంస్థల్లో పదిహేనేళ్ళు పనిచేసి, బయటికి వచ్చి, పదిమందిని కూడగట్టుకొని సొంత చిప్ ఒకటి తేవాలనుకునేవారి పరిస్థితి వేరు. వారికి ఇది అప్పులతో, పెట్టుబడిదారులతో, రెండు మూడేళ్ళ కాలంతో ముడిపడిన నిర్ణయం. ఒకసారి మాస్క్‌లకు (చిప్ నమూనాను ముద్రించే అచ్చులకు) డబ్బు కట్టాక దీన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం.

ఎంపికలు స్థూలంగా నాలుగు. మొదటిది, 28 నానోమీటర్లు లేదా అంతకంటే పాత నోడ్. రెండవది, 16, 12 నానోమీటర్ల నుండి మొదటి తరం 7 దాకా ఉన్న నోడ్‌లు. ఇక్కడ ఈయూవీ (ఎక్స్‌ట్రీమ్ అల్ట్రావయొలెట్ అనే, అతి తక్కువ తరంగదైర్ఘ్యమున్న కాంతి) లేకుండానే పాత కాంతితో ఒకే పొరను పలుమార్లు ముద్రిస్తారు. మూడవది, 6, 5, 4, 3, 2 అని పిలిచే ఈయూవీ నోడ్‌లు. నాలుగవది, ఇప్పుడిప్పుడే ఫ్యాబ్‌లలోకి, అంటే చిప్ ఫ్యాక్టరీల్లోకి, అడుగుపెడుతున్న హై ఎన్‌ఏ ఈయూవీ. వీటిని పోల్చడానికి ముందు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి: నోడ్ పేరులోని సంఖ్య చిప్ మీద ఉన్న ఏ కొలతకూ సరిపోదు. 3 నానోమీటర్లు అని పిలిచే నోడ్‌లో రెండు గేట్‌ల మధ్య దూరం సుమారు 48 నానోమీటర్లు, అతి దగ్గరి లోహపు తీగల పిచ్ (ఒక తీగ మొదలు నుండి పక్క తీగ మొదలు దాకా దూరం) సుమారు 24 నానోమీటర్లు. ఆ 3 ఒక వ్యాపార నామం మాత్రమే.

కాంతి మారితే ఏం మారింది

వేఫర్ (చిప్‌లను ముద్రించే సిలికాన్ పలక) మీద ఎంత సన్నని గీత గీయగలమన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: వాడే కాంతి తరంగదైర్ఘ్యం, ఆ కాంతిని ఎంత విశాలమైన కోణంలో కేంద్రీకరించగలమో చెప్పే న్యూమరికల్ అపర్చర్ (ఎన్‌ఏ), తయారీదారుడి పనితనాన్ని సూచించే కె1 అనే గుణకం. తరంగదైర్ఘ్యాన్ని అపర్చర్‌తో భాగించి, కె1తో గుణిస్తే పిచ్‌లో సగం వస్తుంది. ఒకే ఎక్స్‌పోజర్‌లో కె1 విలువ 0.25 కంటే కిందికి దిగదు. 193 నానోమీటర్ల డీయూవీ (డీప్ అల్ట్రావయొలెట్) కాంతిని, కటకానికీ వేఫర్‌కూ మధ్య నీటి పొరను ఉంచి 1.35 అపర్చర్‌తో వాడితే, లెక్క ప్రకారం సగం పిచ్ 36 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఫ్యాక్టరీలో నమ్మకంగా వచ్చేది 38 నుండి 40 మధ్య. అంటే సుమారు 80 నానోమీటర్ల పిచ్ వరకు ఒక మాస్క్‌తో, ఒక ఎక్స్‌పోజర్‌తో పని పూర్తవుతుంది. 28 నానోమీటర్ల నోడ్ ఈ హద్దుకు కాస్త ఇవతల ఉంటుంది. దాన్ని పరిశ్రమ ఇన్నేళ్ళుగా పట్టుకొని వేలాడడానికి ముఖ్య కారణం ఇదే గాని, పాతదాని మీద మమకారం కాదు.

ఈయూవీ తరంగదైర్ఘ్యం 13.5 నానోమీటర్లు. అపర్చర్ 0.33 మాత్రమే అయినా సగం పిచ్ 13 నానోమీటర్ల దాకా దిగుతుంది. అయితే ఈ కాంతిని పుట్టించడం, నడిపించడం రెండూ కష్టమే. గాలి, గాజు, నీరు అన్నీ దాన్ని మింగేస్తాయి కాబట్టి యంత్రం లోపల శూన్యం ఉండాలి, కటకాలకు బదులు అద్దాలు ఉండాలి. సెకనుకు 50,000 చొప్పున కరిగిన తగరపు బిందువులను జారవిడుస్తూ, ఒక్కొక్క బిందువును ముందు ఒక లేజర్ దెబ్బతో పలుచని బిళ్ళలా చదును చేసి, ఆ వెంటనే శక్తిమంతమైన కార్బన్ డయాక్సైడ్ లేజర్ దెబ్బతో ప్లాస్మాగా మారుస్తారు. ఆ ప్లాస్మా నుండి 13.5 నానోమీటర్ల కాంతి వస్తుంది. మాలిబ్డినం, సిలికాన్ పొరలను ఒకదాని మీద ఒకటిగా నలభై యాభై జతలు పరిచి చేసిన అద్దాలు కూడా తమ మీద పడిన కాంతిలో 70 శాతానికి మించి తిరిగి పంపలేవు. మాస్క్‌తో కలుపుకొని పది పదకొండు ప్రతిఫలనాలు దాటేసరికి, మొదట సేకరించిన కాంతిలో రెండు మూడు శాతమే వేఫర్‌కు చేరుతుంది. ఒక్కో యంత్రం ఒక మెగావాట్‌కు పైగా విద్యుత్తు లాగుతుందంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. జపాన్‌లో ఎన్‌టీటీ సంస్థ పరిశోధకుడు హిరూ కినోషిటా 1986లోనే ఇలా ముద్రించిన మొదటి నమూనాలను చూపించారు. అమెరికా జాతీయ ప్రయోగశాలలతో కలిసి ఇంటెల్ తదితర సంస్థలు ఒక కూటమిగా 1997లో పని మొదలుపెట్టాయి. చివరికి వీటిని వాణిజ్యపరంగా అమ్మగలిగినది నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే; అద్దాలు జైస్‌వి, లేజర్ ట్రంఫ్‌ది. భారీ ఉత్పత్తిలోకి వచ్చినది 2018, 2019 సంవత్సరాల్లో, ముందు శాంసంగ్, తరువాత తైవాన్ సంస్థ టీఎస్‌ఎంసీ ద్వారా. మూడు దశాబ్దాల ఆ ఖర్చంతా వేఫర్ ధరలో ఎక్కడో ఒక చోట కలిసే ఉంటుంది.

ఈయూవీ లేకుండా ఎంత దూరం వెళ్ళవచ్చు

పోచంపల్లిలో ఇక్కత్ నేసేవారు నూలును ఒకచోట కట్టి ఒక రంగులో ముంచుతారు, ఆ కట్లు విప్పి మరొకచోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఒక్కో విడతలో కట్టు కాస్త జరిగినా బొమ్మ అంచు చెదురుతుంది. డీయూవీతో 80 నానోమీటర్ల పిచ్ కంటే కిందికి దిగడమన్నది కూడా ఇటువంటి పనే. ఒక పొరలోని గీతలను రెండు మాస్క్‌లకు పంచి, ఒకదాని తరువాత ఒకటి ముద్రిస్తారు. లేదా ఒక గీత రెండు పక్కల సన్నని గోడలను పెంచి, అసలు గీతను తొలగించి, మిగిలిన గోడలనే కొత్త గీతలుగా వాడతారు. ఆ పనినే రెండుసార్లు చేస్తే ఒక గీత నాలుగవుతుంది. ప్రతి అదనపు విడతా పొర పెంచడం, చెక్కడం, శుభ్రం చేయడం, కొలవడం అనే వరుసను మళ్ళీ మొదటి నుండి నడిపిస్తుంది. డిజైనర్‌కు దీని బాధ మరో రూపంలో తెలుస్తుంది: తీగలు ఒకే దిశలో సాగాలి, ఏ తీగ ఏ మాస్క్‌లో పడాలో రంగులు వేసి విడదీయాలి, డీఆర్‌సీ (డిజైన్ నియమాల తనిఖీ) పుస్తకం రెట్టింపు లావవుతుంది.

ఈ దారి అసాధ్యమేమీ కాదు. టీఎస్‌ఎంసీ 2018లో తెచ్చిన మొదటి 7 నానోమీటర్ల నోడ్‌లో ఈయూవీ లేదు. ఈయూవీ యంత్రాలు చైనాకు ఎగుమతి కాకపోయినా, 2023 ఆగస్టులో వచ్చిన హువావే మేట్ 60 ప్రో ఫోన్‌లో చైనా సంస్థ ఎస్‌ఎంఐసీ చేసిన 7 నానోమీటర్ల తరగతి చిప్ ఉంది. మరోవైపు, ఇంటెల్ 10 నానోమీటర్ల నోడ్ ఏళ్ళ తరబడి ఆలస్యం కావడానికి ఇలా గీతలను నాలుగింతలు చేసే పద్ధతిని అతిగా నమ్ముకోవడం కూడా ఒక కారణమని ఆ సంస్థే ఒప్పుకుంది.

మన హైదరాబాద్‌వాళ్ళకు మరింత దగ్గరి ఉదాహరణ మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్. ఇక్కడ పెద్ద డిజైన్ కేంద్రమున్న ఆ సంస్థ, పోటీదారులైన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్ తమ డీర్యామ్ మెమరీ చిప్‌లలో ఈయూవీని దింపిన తరువాత కూడా, 2021లో 1 ఆల్ఫా, 2022లో 1 బీటా తరాలను ఈయూవీ లేకుండానే చేసి అమ్మింది. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన 1 గామాతోనే ఈయూవీకి మారింది. నాకు ఈ ఉదంతం చాలా నచ్చుతుంది. యంత్రం అందుబాటులో ఉన్నా, డబ్బు ఉన్నా, పోటీవారు ముందే కొన్నా, తమ లెక్క కుదిరేదాకా ఆగడం చిన్న విషయం కాదు. చిన్న బృందాలు కూడా అలా ఆగవచ్చు.

చినుకుల లెక్క

ఈయూవీతో వచ్చే ఒక చిక్కును డిజైన్ వైపు ఉన్నవారు తక్కువగా పట్టించుకుంటారు కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెబుతాను. 193 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 6.4 ఎలక్ట్రాన్ వోల్టులు, 13.5 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 92. అంటే అంతే మోతాదు శక్తిని వేఫర్ మీద పోస్తే ఈయూవీలో ఫోటాన్ల సంఖ్య పద్నాలుగో వంతే. చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీజౌళ్ళ మోతాదులో ఒక చదరపు నానోమీటరు మీద పడేవి సుమారు 20 ఫోటాన్లు. తొలకరి చినుకులు డాబా మీద పడినప్పుడు ఒక బండ రెండు చినుకులతో తడిస్తే పక్క బండ పొడిగానే మిగిలినట్టు, తక్కువ సంఖ్యలో పడేవి ఎప్పుడూ సమంగా పడవు. చిప్‌లో కోట్లాది కాంటాక్ట్ రంధ్రాల్లో ఎక్కడో ఒకటి సరిగా తెరుచుకోకపోయినా, రెండు పక్కపక్క తీగలు ఎక్కడో కలిసిపోయినా ఆ చిప్ పనికిరాదు. ఇందులో మాస్క్ తప్పు గాని, ధూళి తప్పు గాని లేదు; ఇది కేవలం యాదృచ్ఛికం.

దీనికి విరుగుడు మోతాదు పెంచడం. మోతాదు పెంచితే గంటకు ముద్రించే వేఫర్‌ల సంఖ్య తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకే ఈ రంగంలో ఇటీవలి పురోగతి చాలావరకు ఈ ఒక్క ముడి చుట్టూనే తిరుగుతోంది. 2017లో 250 వాట్లు చేరిన కాంతి మూలాన్ని ఇంకా ఇంకా పెంచడం, ఫోటాన్లను బాగా పీల్చుకునే లోహ ఆక్సైడ్ రెసిస్ట్‌లను (వేఫర్ మీద పూసే, కాంతికి స్పందించే పూతలను) తేవడం, మాస్క్‌ను ధూళి నుండి కాపాడుతూనే కాంతిని ఎక్కువగా వదిలే కార్బన్ నానోట్యూబ్ పెల్లికిల్‌లను (పలుచని తెరలను) తయారుచేయడం అందులో భాగమే. గంటకు 160 వేఫర్‌ల ఏఎస్‌ఎంఎల్ యంత్రం ఎన్‌ఎక్స్‌ఈ 3600డి నుండి 220 దాకా వెళ్ళే 3800ఈ వరకు వచ్చిన మెరుగుదల ఈ కృషి ఫలితం. ఒక కొత్త ఇమ్మర్షన్ డీయూవీ యంత్రం గంటకు సుమారు 300 వేఫర్‌లు చేస్తుంది, ధర ఈయూవీ యంత్రంలో సగం కూడా ఉండదు. అయితే ఈయూవీలో ఒక్కసారి ముద్రిస్తే సరిపోయే పొరకు డీయూవీలో మూడు నాలుగుసార్లు ముద్రించవలసి వస్తే, ఆ తేడా అక్కడితో తీరిపోతుంది. శాంసంగ్ తన తొలి ఈయూవీ నోడ్‌లో మొత్తం మాస్క్‌ల సంఖ్య సుమారు 20 శాతం తగ్గిందని చెప్పుకున్నది ఈ అర్థంలోనే.

రూపాయల లెక్క, వాట్ల లెక్క

సన్నని నోడ్‌లో చిప్ చిన్నదవుతుంది, ఒక వేఫర్‌లో ఎక్కువ చిప్‌లు వస్తాయి, కాబట్టి చవకవుతుంది అన్న వాదన ఒకప్పుడు నిజం. ఇప్పుడు దాన్ని లెక్క వేసి చూడకుండా నమ్మరాదు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన సీఎస్‌ఈటీ పరిశోధన కేంద్రం 2020లో వేసిన అంచనాలో 28 నానోమీటర్ల వేఫర్ ధర 2,891 డాలర్లు, 16, 12 తరగతిలో 3,984, 7లో 9,346, 5లో 16,988. నేటి ధరలు వేరుగా ఉంటాయి గాని, ఆ అంచనాలోని నిష్పత్తులు ఆలోచనకు సరిపోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 28 నానోమీటర్లలో 10 చదరపు మిల్లీమీటర్ల చిప్. అందులో 5 డిజిటల్ లాజిక్, 2 ఎస్‌ర్యామ్ (చిప్ లోపలి మెమరీ), 3 అనలాగ్, ప్యాడ్‌లు. 300 మిల్లీమీటర్ల వేఫర్‌లో అంచులు పోను ఇవి సుమారు 6,850 వస్తాయి. లోపాలను పక్కన పెడితే చిప్ ఒక్కింటికి 42 సెంట్లు. దీన్నే 5 నానోమీటర్లకు తీసుకెళితే లాజిక్ సుమారు పదో వంతుకు, ఎస్‌ర్యామ్ ఆరో వంతుకు తగ్గవచ్చు, అనలాగ్, ప్యాడ్‌లు దాదాపు కదలవు. మొత్తం సుమారు 3.8 చదరపు మిల్లీమీటర్లు. వేఫర్‌కు సుమారు 18,200 చిప్‌లు, ఒక్కొక్కటి 93 సెంట్లు. చిప్ సగానికి పైగా కుదించుకుపోయి కూడా ధర రెట్టింపు దాటింది. పది లక్షల చిప్‌లకు వేఫర్‌ల బిల్లు 28లో సుమారు 4.2 లక్షల డాలర్లయితే, 5లో సుమారు 9.3 లక్షల డాలర్లు. ఇందులో మాస్క్‌ల ఖర్చు గాని, ఐపీ (ఇతరుల నుండి కొనే సిద్ధమైన డిజైన్ భాగాల) లైసెన్సులు గాని, వెరిఫికేషన్ గాని కలపలేదు.

అంతా లాజికే ఉన్న 100 చదరపు మిల్లీమీటర్ల చిప్ తీసుకుంటే మాత్రం లెక్క మారుతుంది. 28లో చిప్‌కు సుమారు నాలుగున్నర డాలర్లు, 5లో 10 చదరపు మిల్లీమీటర్లకు కుదిస్తే సుమారు రెండున్నర డాలర్లు. అయితే ఆ ఆదా డిజైన్ ఖర్చులోని తేడాను పూడ్చాలంటే చిప్‌లు చాలా పెద్ద సంఖ్యలో అమ్ముడుపోవాలి.  ఇక డిజైన్ ఖర్చు సంగతి: ఐబీఎస్ అనే పరిశోధన సంస్థ 2018 నాటి అంచనా ప్రకారం ఒక పూర్తిస్థాయి చిప్‌కు 28లో 5.13 కోట్ల డాలర్లు, 7లో 29.8 కోట్లు, 5లో 54.2 కోట్లు. ఇవి పెద్ద సంస్థల పెద్ద చిప్‌ల అంకెలు. చిన్న బృందం చిన్న చిప్‌ను ఇందులో చిన్న భాగంతోనే చేయగలదు. అయినా పది రెట్ల తేడా చిన్న బృందానికీ తప్పదు.

మరి ఈయూవీ నోడ్‌లు ఎందుకు నిండిపోయి ఉంటున్నాయి? వాట్ల కోసం. టీఎస్‌ఎంసీ చెప్పే అంకెల ప్రకారం అదే వేగంలో 7 నుండి 5కు వస్తే విద్యుత్ వినియోగం 30 శాతం తగ్గుతుంది, 5 నుండి 3కు 25 నుండి 30 శాతం, 3 నుండి 2కు మరో 25 నుండి 30 శాతం. బ్యాటరీతో నడిచే ఫోన్‌కు, కరెంటు బిల్లు పెద్ద ఖర్చుగా ఉన్న డేటా సెంటర్‌కు ఇది చిప్ ధర కంటే ఎన్నో రెట్లు విలువైనది. అందుచేత నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: ఈయూవీ నోడ్‌ను వాట్లు తగ్గించుకోవడానికి కొనాలి, రూపాయలు తగ్గించుకోవడానికి కాదు. మీ ఉత్పత్తిని కొనేవాడు ఆదా అయిన ప్రతి వాట్‌కూ డబ్బు ఇస్తాడా అన్నది మీ మొదటి ప్రశ్న కావాలి. గోడకు బిగించి ఉండే పరికరంలో అర వాట్ తగ్గించినందుకు ఎవరూ పైసా ఎక్కువ ఇవ్వరు.

ఎస్‌ర్యామ్ గురించి ఒక మాట. 28 నుండి 5 దాకా బాగా కుదించుకుపోయిన ఎస్‌ర్యామ్ సెల్ 3కు వచ్చేసరికి దాదాపు కదల్లేదు. టీఎస్‌ఎంసీ 5 నానోమీటర్లలోనూ, 3 నానోమీటర్లలో ఒక రూపమైన 3ఈ లోనూ దాని వైశాల్యం 0.021 చదరపు మైక్రోమీటర్లే. మీ చిప్‌లో సగం క్యాష్ ఉంటే 5 నుండి 3కు వెళ్ళడానికి పునరాలోచించండి.

మధ్య దారులు

7 నానోమీటర్లలో ఇప్పటికే డిజైన్ ఉన్నవారికి 6 నానోమీటర్ల నోడ్ అనే సౌకర్యం ఉంది. టీఎస్‌ఎంసీ కొన్ని పొరలను ఈయూవీకి మార్చి, డిజైన్ నియమాలు 7తో సరిపోయేలా ఉంచి, లాజిక్ సాంద్రత 18 శాతం పెంచింది. మళ్ళీ మొదటి నుండి చేయనవసరం లేకుండా ఈయూవీ లాభంలో కొంత దక్కుతుంది.

రెండవ దారి చిప్లెట్‌లు, అంటే ఒక చిప్‌ను డైలు అనే విడి ముక్కలుగా చేసి ఒకే ప్యాకేజీలో కలపడం. ఏఎండీ 2019లో తెచ్చిన రెండవ తరం ఎపిక్ సర్వర్ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే డైలు 7 నానోమీటర్లలో, బయటి ప్రపంచంతో మాట్లాడే పెద్ద ఐఓ డై 14 నానోమీటర్లలో ఉన్నాయి. కుదించినా చిన్నది కాని భాగాన్ని ఖరీదైన వేఫర్ మీద పెట్టకపోవడం అన్న ఆలోచన పైన వేసిన లెక్కకు నేరుగా జవాబు. అయితే పదిమంది బృందానికి ప్యాకేజింగ్, రెండు డైల పరీక్ష, వాటి మధ్య ఇంటర్‌ఫేస్ అనే మూడు కొత్త తలనొప్పులు వస్తాయి. మొదటి ఉత్పత్తికి ఈ దారి నేను సూచించను.

హై ఎన్‌ఏ విషయంలో ఆశపడడం కంటే గమనిస్తూ ఉండడం మేలు. అపర్చర్ 0.33 నుండి 0.55కు పెరగడంతో సగం పిచ్ 8 నానోమీటర్లకు దిగుతుంది. మొదటి యంత్రం 2023 చివరలో అమెరికాలోని ఆరెగాన్‌లో ఉన్న ఇంటెల్‌కు బయలుదేరింది. ధర సుమారు 35 కోట్ల యూరోలు, బరువు సుమారు 150 టన్నులు. అద్దాలు మాస్క్‌ను ఒక దిశలో 4 రెట్లు, మరో దిశలో 8 రెట్లు కుదిస్తాయి కాబట్టి, ఒకసారికి ముద్రించే క్షేత్రం 858 చదరపు మిల్లీమీటర్ల నుండి సగానికి, అంటే 429కి తగ్గుతుంది. భారీ ఏఐ చిప్‌లు చేసేవారికి ఇది అసలు సమస్య. ఇంటెల్ 14ఏ నోడ్‌లో వాడాలని చూస్తోంది, ఎస్‌కే హైనిక్స్ 2025లో తన ఇచన్ ఫ్యాబ్‌లో ఒకటి దించింది, టీఎస్‌ఎంసీ మాత్రం తన ఏ16 నోడ్‌కు అది అవసరం లేదంది. ఇంత పెద్దవారే ఏకాభిప్రాయానికి రాని చోట చిన్న బృందం ఎదురుచూడడంలో అర్థం లేదు.

నానోఇంప్రింట్ గురించి కూడా అడుగుతుంటారు. కెనాన్ 2023 అక్టోబరులో ప్రకటించిన యంత్రం అచ్చును నేరుగా రెసిస్ట్‌లోకి నొక్కి 14 నానోమీటర్ల గీతలు వేస్తుంది. మీరు వెళ్ళి అడగగల ఫౌండ్రీ (ఇతరుల చిప్‌లు తయారుచేసి ఇచ్చే సంస్థ) ఏదీ దాన్ని లాజిక్ నోడ్‌గా అమ్మడం లేదు, కాబట్టి ప్రస్తుతానికి ఎంపికల్లో చేర్చనవసరం లేదు.

హైదరాబాద్ నుండి చూస్తే

భారతదేశంలో ఈయూవీ యంత్రమున్న ఫ్యాబ్ లేదు. ప్రభుత్వ రంగంలోని మొహాలీ సెమీకండక్టర్ లేబొరేటరీ 180 నానోమీటర్ల దగ్గర ఉంది. 2024 ఫిబ్రవరిలో ఆమోదం పొందిన ధోలేరాలోని టాటా ఎలక్ట్రానిక్స్ ఫ్యాబ్ తైవాన్‌కు చెందిన పీఎస్‌ఎంసీతో కలిసి 28 నుండి 110 నానోమీటర్ల దాకా లక్ష్యంగా పెట్టుకున్నది. కనుక ఈయూవీ కావాలంటే తైవాన్, కొరియా, అమెరికా వంటి విదేశాల వైపే చూడాలి. రేపు స్వదేశీ తయారీ అన్నది మీ కొనుగోలుదారుకు ముఖ్యమైతే, ఉదాహరణకు ప్రభుత్వ మీటర్ల టెండర్ల వంటి చోట, 28 లేదా 40, 55 నోడ్‌లో ఉండడమే దానికి తలుపు తెరిచి ఉంచడం.

2021 డిసెంబరులో వచ్చిన డిజైన్ అనుసంధాన ప్రోత్సాహక పథకం అర్హమైన ఖర్చులో సగం వరకు, దరఖాస్తుకు గరిష్ఠంగా 15 కోట్ల రూపాయలు తిరిగి ఇచ్చేలా రూపొందింది. 28 నానోమీటర్లలో ఒక చిన్న చిప్‌కు ఆ మొత్తం నిజమైన ఆసరా. 5 నానోమీటర్ల ప్రాజెక్టులో అది ఐపీ లైసెన్సుల జాబితాలో మొదటి రెండు మూడు వరుసలకే సరిపోతుంది. దరఖాస్తు వేసే నాటికి నిబంధనలు ఎలా ఉన్నాయో చూసుకోండి, ఇటువంటి పథకాలు సవరణలకు లోనవుతుంటాయి.

నేను దగ్గర నుండి చూసిన ఒక బృందం కెమెరాలో వీడియోను అక్కడికక్కడే విశ్లేషించే చిప్ తలపెట్టింది. పెట్టుబడిదారులకు బాగా వినిపిస్తుందని ఈయూవీ నోడ్‌తో మొదలుపెట్టి, ఆ నోడ్‌లో సిలికాన్ మీద రుజువైన కెమెరా ఇంటర్‌ఫేస్ ఐపీ ధర తెలిశాక ఎనిమిది నెలలు గడిచిపోయి 12 నానోమీటర్లకు దిగింది. దిగిన తరువాత లెక్క చూసుకుంటే వారి వాట్ల పరిమితి 12లోనే సరిపోయింది. ఆ ఎనిమిది నెలల జీతాలు మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి ఇలా చూడండి. ఫ్యాన్ మోటారు, మీటర్, ఛార్జర్, సెన్సర్ వంటి వాటికి 40, 55 లేదా అంతకంటే పాత నోడ్‌లే సరైనవి. చిప్‌లోనే ఫ్లాష్ మెమరీ కావాలన్నా, ఎక్కువ వోల్టేజ్ భరించాలన్నా 28 కంటే కింద తిప్పలు పెరుగుతాయి. రేడియో, కనెక్టివిటీ చిప్‌లకు 28, 22 బాగుంటాయి. కెమెరా, చిన్న ఏఐ యాక్సిలరేటర్, నెట్‌వర్క్ పరికరం వంటి వాటికి 16, 12తో మొదలుపెట్టండి. వాట్లు సరిపోకపోతేనే 6 వైపు చూడండి. డేటా సెంటర్ కోసం లెక్కల యంత్రం చేస్తుంటే 5, 4, 3 తప్పనిసరి, కానీ దానికి కావలసిన డబ్బు ఉందా అన్నది డిజైన్ మొదలుపెట్టక ముందే తేలాలి.

ఉద్యోగాల్లో ఉన్న యువ ఇంజనీర్లు కూడా ఇదే ప్రశ్న మరోలా అడుగుతారు: 3 నానోమీటర్ల ప్రాజెక్టులో చేరాలా, 28లోనా? పెద్ద సంస్థలో 3 నానోమీటర్ల చిప్‌లో ఒక బ్లాక్ టైమింగ్ మూడేళ్ళు సరిచేయడం కంటే, 28లో ఆర్‌టీఎల్ (డిజైన్ కోడ్) నుండి టేపవుట్ (డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపడం) దాకా, ఆ తరువాత ల్యాబ్‌లో చిప్ లేచేదాకా ఒకసారి చూసినవారికి తెలిసేది ఎక్కువ. జీతం మాత్రం మొదటిదానిలోనే ఎక్కువ వస్తుంది, అది దాచనక్కరలేదు. కాలేజీలో ఉన్నవారికైతే 130 నానోమీటర్ల ఓపెన్ పీడీకేలు (అందరికీ అందుబాటులో ఉండే డిజైన్ కిట్‌లు), గూగుల్, స్కైవాటర్ కలిసి 2020లో విడుదల చేసిన దాని వంటివి, చాలు.

ఫౌండ్రీతో గాని, వారి తరఫున వ్యవహరించే డిజైన్ సర్వీస్ సంస్థతో గాని కూర్చున్నప్పుడు నోడ్ పేరు మీద చర్చ తగ్గించి, కొన్ని విషయాలు రాతపూర్వకంగా అడగండి. మీకు కావలసిన మెమరీ, ఇంటర్‌ఫేస్ ఐపీలు ఆ నోడ్‌లో సిలికాన్ మీద రుజువయ్యాయా, లేక కాగితం మీదే ఉన్నాయా? ఎన్ని పొరలు ఈయూవీతో, ఎన్ని పలుమార్ల ముద్రణతో జరుగుతాయి, మెటల్ పొరల్లో ఒక దిద్దుబాటు చేయవలసి వస్తే ఎన్ని మాస్క్‌లు మళ్ళీ కొనాలి? నెలకు ఎన్ని వేఫర్‌ల కంటే తక్కువైతే మీ ఆర్డర్‌ను వెనక్కి నెడతారు? బహుళ ప్రాజెక్టుల షటిల్ (పలు బృందాల చిప్‌లను ఒకే వేఫర్ మీద ముద్రించే విడత) ఏడాదికి ఎన్నిసార్లు బయలుదేరుతుంది, ఒకటి తప్పితే మరొకటి ఎన్నాళ్ళకు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబును మీ చేతిలో మిగిలిన జీతాల నెలల సంఖ్య పక్కన రాసి చూసుకున్న తరువాతే కొటేషన్ మీద సంతకం పెట్టండి.